గుర్రమెక్కే హక్కు, స్వారీ నేర్చుకునే హక్కు

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో గుర్రం పేరెత్తి మరీ ఉంది. 1989 నాటి చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26న అమలులోకి వచ్చింది. పెళ్ళి ఊరేగింపులో దళితుణ్ణి గాని, ఆదివాసీని గాని గుర్రమెక్కకుండా అడ్డుకోవడం దాని ప్రకారం నేరం. సైకిలు తొక్కడం, చెప్పులు వేసుకోవడం, కొత్త బట్టలు కట్టుకోవడం కూడా ఆ నిబంధనలోనే ఉన్నాయి. ఇంత మామూలు పనులను పార్లమెంటు ఒక్కొక్కటిగా రాయవలసి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళకు, 2018 మార్చిలో, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లా టింబి గ్రామంలో 21 ఏళ్ళ దళిత యువకుడు హత్యకు గురయ్యాడు. సొంత గుర్రంపై తిరగడమే అతడు చేసిన తప్పని కుటుంబం వాపోయింది.

ఇది ఉత్తరాది వ్యవహారమని మనం ఊపిరి పీల్చుకోవచ్చు. మా ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో గుర్రమెక్కరాదన్న ఆంక్ష నా చెవిన పడలేదు. పడకపోవడానికి కారణం ఇక్కడ గుర్రమే లేకపోవడం. నా దగ్గర చదువుకునే కోయ, మాల, మాదిగ పిల్లల్లో చాలామందికి తెలిసిన గుర్రం భద్రాద్రి రాముడి అశ్వవాహనమే.

రాత్రి బస్సుల్లో హైదరాబాద్ వెళ్ళి, శివారులోని ఒక శిక్షణ కేంద్రంలో కొన్ని నెలలు రెండో దశ స్వారీ నేర్చుకున్నాను. తొలి దశలో ఎక్కడం, దిగడం, ఆపడం వస్తాయి. అసలు విద్య ఆ తర్వాతే. ట్రాట్‌లో గుర్రం ఎదురు మూలల కాళ్ళను జతగా వేస్తుంది. ఆ లయకు రౌతు లేస్తూ కూర్చుంటూ సాగాలి. వలయంలో తిరిగేటప్పుడు వెలుపలి ముంగాలు ముందుకు సాగే క్షణాన లేవాలి. దిక్కు మారితే ఒక అడుగు అదనంగా కూర్చుని లెక్క సరిచేసుకోవాలి. కాంటర్‌కు వెళ్ళాలంటే వెలుపలి కాలిని కొద్దిగా వెనక్కి జరిపి సంజ్ఞ ఇవ్వాలి. రికాబులు తీసేసి కూర్చోబెట్టినప్పుడు అంతవరకూ కళ్ళేన్ని ఊతకర్రలా వాడుకుంటున్నామని బయటపడుతుంది. నాలుగైదు క్వింటాళ్ళ జీవాన్ని లాగి లొంగదీయలేం. నడుము నిలకడతో, చేతి మెత్తదనంతో ఒప్పించాలి. తల వంచుకొని నడవడం తరతరాలుగా నేర్పిన సమాజంలో, వెన్ను నిటారుగా పెట్టి దూరంగా చూడమనే ఈ పాఠం నాకు ఒట్టి వ్యాయామంగా తోచలేదు.

అక్కడ మొదటి రోజే నా ఇంటిపేరు అడిగారు. ఎందుకడుగుతారో మనకు తెలియనిది కాదు. జీను మీద కూర్చునేవారి ఇంటిపేర్లు ఒక తీరు. లద్ది ఎత్తి, గిట్టలు శుభ్రం చేసి, జీను బిగించేవారి ఇంటిపేర్లు మరో తీరు. గుర్రం అడుగు తేడాను శిక్షకుడికంటే ముందు పసిగట్టే కాపరి ఒకడుండేవాడు. పాఠం చెప్పేవేళ అతడి చోటు కంచె బయట.

గుర్రమెక్కడం ఒక్కరోజు ఘటన కావచ్చు, స్వారీ మాత్రం వందల గంటల అభ్యాసం. ఆ గంటలకు డబ్బు కావాలి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డ్రెసాజ్ జట్టు స్వర్ణం తెచ్చింది, సంతోషమే. ఆ రౌతులు యూరప్‌లో ఏళ్ళ తరబడి సాధన చేసినవారు. చట్టం ఊరేగింపు గుర్రం దాకా వచ్చి ఆగింది. ఈ గంటలు ఎవరిస్తారు?

పాడేరు మన్యంలో లెక్క వేరు. రోడ్డు లేని కొండ ఊళ్ళ ఆదివాసులు టట్టుల మీద సంతకు సరుకు చేరవేస్తారు, వాటిపై స్వారీ చేస్తారు. ఆ ఫొటోలు పత్రికల్లో వెనుకబాటుకు గుర్తుగా అచ్చవుతాయి. రోడ్డు లేకపోవడం ప్రభుత్వానికి సిగ్గుచేటే. కానీ రాళ్ళబాటలో ఆ కుర్రాడు చూపే నిలకడకే నగరంలో రుసుము కట్టి శిక్షణ పొందుతాం. అతడి విషయంలో మాత్రం దానికి నైపుణ్యమన్న పేరు లేదు.

గురుకులాల పిల్లలకు ఇవన్నీ ఎందుకని అడిగేవారు 2014 మే 25ను తలచుకోవాలి. ఆ రోజు మాలావత్ పూర్ణతో పాటు ఎవరెస్టు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా దళిత విద్యార్థి. స్వారీకీ ప్రభుత్వ మార్గం లేకపోలేదు: తిరుపతిలోని ఎన్‌సీసీ రిమౌంట్ అండ్ వెటర్నరీ దళం కేడెట్లకు గుర్రపుస్వారీ నేర్పుతోంది. భద్రాచలం ఐటీడీఏ పరిధిలో ఒక్క గురుకులంలోనైనా నాలుగు గుర్రాలతో మొదలుపెట్టమని అడుగుతున్నాను. పాడేరు కుర్రాళ్ళను జీతమిచ్చి శిక్షకులుగా పిలవండి. రికాబులు లేకుండా కూర్చోవడం వాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు.