వలస ఇంట పుట్టిన హోరు: ఏసీ/డీసీ యాభై ఏళ్లు

సిడ్నీలో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే వెంట్‌వర్త్‌విల్ నుంచి నగరానికి వెళ్లే రైలుదారిలో బర్వుడ్ స్టేషన్ ఉంది. ప్రపంచమంతటా స్టేడియాలు నింపిన ఏసీ/డీసీ రాక్ బృందాన్ని నడిపిన అన్నదమ్ములు ఆ పేటలోనే పెరిగారు. ఆస్ట్రేలియా తన సొంత గొంతుగా చెప్పుకునే ఆ సంగీతం వలసవచ్చిన ఒక కుటుంబం చేతిలో తయారైంది. నాకు ఈ బృందం మీద ఇంత అభిమానం కలగడానికి అసలు కారణం అదే.

స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి విలియం, మార్గరెట్ యంగ్ దంపతులు పిల్లల్ని తీసుకుని 1963లో సిడ్నీ చేరారు. బ్రిటన్ నుంచి జనాన్ని రప్పించుకోవడానికి ఆస్ట్రేలియా ప్రభుత్వం పెద్దవాళ్లకు 10 పౌండ్లకే ప్రయాణం కల్పించిన రోజులవి. కొత్తగా దిగినవాళ్లకు విలావుడ్‌లో వసతి ఇచ్చేవారు. అక్కడే వాళ్ల కొడుకు జార్జ్‌కు, హాలండ్ నుంచి వచ్చిన హ్యారీ వాండాకు స్నేహం కుదిరింది. ఇద్దరూ ఈజీబీట్స్ బృందంలో చేరి, 1966లో ‘ఫ్రైడే ఆన్ మై మైండ్’ పాటతో ఇంగ్లండులో కూడా పేరు తెచ్చుకున్నారు. తమ్ముళ్లు మాల్కమ్, ఆంగస్ ఇదంతా చూస్తూ పెరిగారు.

1973 నవంబరులో ఈ తమ్ముళ్లు సొంత బృందం కట్టారు. కుట్టుమిషను మీద ఉన్న ఏసీ/డీసీ అక్షరాలు చూసి ఆ పేరు సూచించింది వాళ్ల అక్క, తల్లి పేరే ఉన్న మార్గరెట్. ఆంగస్ స్కూలు యూనిఫాం వేసుకుని వేదికెక్కాలన్న ఆలోచనా ఆమెదే. ఆ ఏడాది డిసెంబరు 31న సిడ్నీలోని చెకర్స్ క్లబ్బులో మొదటి కచేరీ జరిగింది. జార్జ్, హ్యారీ వాండా కలిసి వాళ్ల తొలి ఆల్బమ్‌లు సిడ్నీ ఆల్బర్ట్ స్టూడియోలో దగ్గరుండి రికార్డు చేయించారు. జార్జ్ తాను నేర్చుకున్నదంతా తమ్ముళ్ల చేతిలో పెట్టాడు.

1974లో గాయకుడిగా వచ్చిన బాన్ స్కాట్ కూడా స్కాట్లండ్‌లో పుట్టి, చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి, పడమటి తీరంలోని ఫ్రీమాంటిల్‌లో పెరిగినవాడే. 1976 ఫిబ్రవరిలో బృందమంతా ఒక లారీ మీద వాయిద్యాలు పెట్టుకుని, మెల్‌బోర్న్ స్వాన్‌స్టన్ వీధిలో జనం మధ్య పాడుతూ వెళ్లారు. ‘ఇట్స్ ఎ లాంగ్ వే టు ది టాప్’ పాటకు తీసిన ఆ దృశ్యాల్లో బాన్ చేతిలో స్కాటిష్ బ్యాగ్‌పైప్ ఉంటుంది. పుట్టిన ఊరి వాయిద్యాన్ని వచ్చిన ఊరి వీధిలో వినిపించారు. 2004లో మెల్‌బోర్న్ నగరపాలక సంస్థ ఆ దగ్గర్లోని ఒక సందుకు ఏసీడీసీ లేన్ అని పేరు పెట్టింది.

1979లో ‘హైవే టు హెల్’ ఆల్బమ్ అమెరికాను గెలిచింది. పేరు చేతికందిన ఆ సమయంలోనే, 1980 ఫిబ్రవరి 19న, లండన్‌లో బాన్ చనిపోయాడు. వయసు 33. చాలా బృందాలు అక్కడితో విడిపోయేవి. వీళ్లు ఇంగ్లండుకు చెందిన బ్రయాన్ జాన్సన్‌ను తీసుకుని, ఐదు నెలలకే ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ విడుదల చేశారు. అట్ట మొత్తం నలుపు. మొదటి పాట గంట మోతతో మొదలవుతుంది. రెండూ బాన్ కోసమే. ఒక్క అమెరికాలోనే అది రెండున్నర కోట్లకు పైగా అమ్ముడైంది. దుఃఖం నుంచి ఇంత బలంగా లేచి నిలబడిన ఆల్బమ్ రాక్ సంగీతంలో నాకు మరొకటి కనబడదు.

ఈ దేశం వచ్చిన కొత్తలో నేనొక గోదాములో పనిచేశాను. అక్కడి రేడియోలో వీళ్ల పాటలు తరచూ వచ్చేవి. నాకు ముందు ఆంగస్ పరుగులు తీసే గిటారే వినిపించేది. నాతో ప్యాలెట్లు సర్దే పెద్దాయన, “ఆ రెండో గిటారు పట్టుకో” అన్నాడు. అది మాల్కమ్‌ది. సన్నాయి ఎంత దూరం తిరిగినా డోలు దెబ్బ దగ్గరికే వచ్చి కలుస్తుంది కదా, ఆ డోలు పని మాల్కమ్‌ది. డ్రమ్స్‌తో కలిసి ఒకే కొలతలో, అనవసరమైన స్వరం ఒక్కటీ లేకుండా వాయించేవాడు. పాట ఎక్కడ మోగాలో, ఎక్కడ ఆగాలో అతనే నిర్ణయించేవాడు. ఏసీ/డీసీ పాటలో వినేవాళ్ల కాలు దానంతటదే కదిలేది ఆ నిగ్రహం వల్లే.

మతిమరుపు జబ్బుతో మాల్కమ్ 2014లో తప్పుకున్నాడు. ఆ చోటుకు వాళ్ల పెద్దన్న కొడుకు స్టీవీ వచ్చాడు. 2016లో వినికిడి పూర్తిగా పోయే ప్రమాదముందని బ్రయాన్ కచేరీల యాత్ర మధ్యలో ఆగిపోవలసి వచ్చింది. 2017లో అక్టోబరులో జార్జ్, నవంబరులో మాల్కమ్ కన్నుమూశారు. అయినా 2020లో, ఆంగస్, మాల్కమ్ అంతకుముందు కట్టుకున్న బాణీలతో ‘పవర్ అప్’ ఆల్బమ్ చేసి, మాల్కమ్‌కు అంకితమిచ్చారు. 2025 నవంబరులో మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో మళ్లీ వాయించారు. డెబ్బై ఏళ్ల ఆంగస్ ఒంటిమీద అదే స్కూలు యూనిఫాం.

ఆ అన్నదమ్ములు పెరిగిన బర్వుడ్ ఇంటిని మాత్రం కూల్చేశారు. ఆ వార్త చదివి నా మనసు చాలా బాధపడింది. వలసవచ్చినవాళ్ల చరిత్ర వాళ్ల ఇళ్లలోనే ఉంటుంది, దాన్ని కాపాడే చట్టం గట్టిగా ఉండాలి.

ఇక్కడున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలు గిటారో మృదంగమో పట్టుకుంటే చదువు పాడవుతుందని భయపడి లాక్కోకండి. ఇంట్లో ఒక అన్న దారి చూపితే, ఒక అక్క పేరు పెడితే, పరాయి దేశంలో దిగిన పిల్లలు ఆ దేశానికే గొంతు కాగలరు. యంగ్ కుటుంబం యాభై ఏళ్లుగా అదే రుజువు చేస్తోంది.