తెర సోకులు తగ్గిస్తే కంప్యూటరుకు వేగం పెరుగుతుందా?

పాత కంప్యూటరులో ఒక విండో తెరవమని నొక్కితే, అది మెల్లగా సాగుతూ, చుట్టూ నీడ పరచుకుంటూ తెరపైకి రావడం మీరు చూసే ఉంటారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. మరి ఆ ముచ్చట కోసం యంత్రం ఎంత పని చేస్తోంది? లెక్క వేసి చూద్దాం.

తెర మీది బొమ్మ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. వీటిని పిక్సెళ్లు అంటారు. అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలున్న తెరను తీసుకోండి. హెచ్చవేస్తే 20,73,600 చుక్కలు! చాలా తెరలు సెకనుకు 60 సార్లు బొమ్మను మారుస్తాయి. అంటే తెరంతా కదిలే బొమ్మ అయితే, సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కల రంగు తేల్చాలన్నమాట.

ఇక గాజు పలకలా వెనకున్నది కనబడే విండో సంగతి చూడండి. ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉండాలో 0 నుంచి 255 వరకు గల అంకెలు చెబుతాయి. పై విండోలో ఎరుపు 200, దాని కింద 100 అనుకుందాం. మామూలు విండో అయితే 200 అని రాస్తే సరిపోతుంది. సగం పారదర్శకమైతే రెండు అంకెలూ చదివి, సగటు కట్టి, 150 అని రాయాలి. ఇలా మూడు రంగులకూ, లక్షల చుక్కలకూ చేయాలి! 2007లో విడుదలైన విండోస్ విస్టాలో ఇలాంటి గాజు అంచులుండేవి. తగిన గ్రాఫిక్స్ చిప్ లేని యంత్రాల్లో ఆ సోకు కనబడేదే కాదు.

గ్రాఫిక్స్ చిప్ బలమైనదైతే ఈ పని దానికి లెక్కలోది కాదు. పాత, చవక యంత్రాల్లో అది బలహీనంగా ఉంటుంది. పైగా తరచు ప్రధాన మెమరీనే పంచుకుంటుంది. అక్కడ సోకులు ఆపితే భారం తగ్గుతుంది. విండో సాగుతూ వచ్చేదాకా మనం కాచుకునే సమయమూ మిగులుతుంది.

విండోస్ 10, 11లలో వెతికే గడిలో ఇంగ్లీషులో 'పెర్ఫార్మెన్స్' అని టైపు చేస్తే, విజువల్ ఎఫెక్ట్స్ పట్టికను తెరిచే దారి దొరుకుతుంది. అందులో అక్కర్లేని వాటికి టిక్కు తీసేయండి. అక్షరాల అంచులను నునుపు చేసే టిక్కును మాత్రం ఉంచండి. లేకపోతే మన తెలుగు వత్తులు గరుకుగా కనబడి చదవడం కష్టమవుతుంది.

ఇప్పుడొక ప్రయోగం. మీ ఉపాధ్యాయుల అనుమతితో బడిలోని పాత కంప్యూటరు మీద చేయండి. ఒక విండోను 20 సార్లు కుదించి, మళ్లీ పెద్దది చేయడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. కంప్యూటరును ఆపి, మళ్లీ పెట్టి, ఒక పెద్ద ప్రోగ్రాము తెరుచుకోవడానికి పట్టే సమయమూ రాసుకోండి. సోకులు ఆపి, రెండూ అదే విధంగా మళ్లీ కొలవండి.

మొదటి అంకె తగ్గి, రెండోది అలాగే ఉంటే ఏమని అర్థం? జబ్బు తెరలో లేదు; మెమరీ చాలకపోవడమో, హార్డ్ డిస్కు నెమ్మదిగా ఉండటమో కారణం కావచ్చు. వాటిని మార్చి చూడవచ్చు. కొలిచి చూడకుండా ఏ యంత్రాన్నీ పనికిరానిదని మూల పడేయకండి!