బయటి దేశంల డాక్టరు చదువు: ఫీజు కట్టకముందే అడగాల్సిన మాట

సాంచాల చప్పుళ్లో పెరిగిన మన పిల్లలు ఇప్పుడు డాక్టరు చదువుతమంటున్నరు. సంతోషమే. ఇక్కడ సర్కారు సీటు అందదు, ప్రైవేటు ఫీజు మనతోని కాదు. అందుకే జార్జియా, రష్యా, కజకిస్తాన్ అని ఏజెంట్లు మన షోలాపూర్ పూర్వభాగం దాకా వస్తున్నరు.

నా మనుమరాలు నీట్ పాసైంది. పిల్లల డాక్టరు కావాలని దాని కోరిక. మా అల్లుడు రెండు సాంచాలు అమ్మేద్దామంటున్నడు. అందుకని తెలిసినోళ్లను అడిగి తెలుసుకున్నది రాస్తున్న.

ఏ దేశమైనా ఒకటే అని ఏజెంటు అంటడు. అది నిజం కాదు. 2021లో నేషనల్ మెడికల్ కమిషన్ పెట్టిన నియమాల ప్రకారం చదువు 54 నెలలకు తక్కువ ఉండొద్దు. పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పాలి. అదే కాలేజీలో ఇంకో 12 నెలలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ దేశపు వాళ్లతో సమానంగా అక్కడ వైద్యం చేసే లైసెన్సుకు అర్హత ఉండాలి. ఇందులో ఒక్కటి తప్పినా ఇక్కడ డాక్టరుగా రిజిస్టర్ చేయరు. నడుమ కాలేజీ మారే వీలు కూడ లేదు. బీము ఎక్కినంక నూలు మార్చలేం కద, ఇదీ అట్లనే.

తిరిగొచ్చినంక 300 మార్కుల ఎఫ్‌ఎంజీఈ పరీక్షల 150 తెచ్చుకోవాలి. మళ్ల ఇక్కడ 12 నెలల ఇంటర్న్‌షిప్. తక్కువల తక్కువ ఆరున్నరేండ్లు. అప్పటికి ఎంబీబీఎస్ డాక్టరే అయితరు, పిల్లల డాక్టరు కారు. దానికి నీట్ పీజీ రాసి, మంచి ర్యాంకు తెచ్చుకొని, ఇంకో 3 ఏండ్లు చదవాలి.

అసలు ఇరుకు ఇక్కడే. సర్కారు కాలేజీల పీజీ సీట్లలో సగం ఆలిండియా కోటా, దానికి మన పిల్లలు కూడ పోటీ పడొచ్చు. మిగిలిన సగంల చాలా రాష్ట్రాలు తమ దగ్గర ఎంబీబీఎస్ చదివినోళ్లకే ముందు చోటిస్తయి. అంటే బయట చదివి వచ్చినోళ్లకు తలుపులు తక్కువ, ర్యాంకు ఎక్కువ కావాలె. పాఠం ఇంగ్లీషులో చెప్పినా, వార్డుల రోగి మాట్లాడేది రష్యనో జార్జియనో. ఆ మాట రాకుంటే రోగి దగ్గర నేర్చుకునేది తక్కువైతది.

అందుకే ఫీజు ఎంత అని కాదు, ముందు ఈ మూడు అడగండి: ఆ కాలేజీ నుంచి వచ్చినోళ్లు ఎఫ్‌ఎంజీఈ ఎందరు పాసైండ్రు? ఇంటర్న్‌షిప్, లైసెన్సు సంగతి కాగితం మీద రాసిస్తరా? పీజీ అయ్యేదాక తొమ్మిదిన్నరేండ్లు ఇల్లు ఎట్ల గడుస్తది? జవాబు నోటిమాటగ చెప్తే పైసలు తీయకండి. సాంచా మళ్ల కొనొచ్చు, పిల్లల ఏండ్లు మళ్ల రావు.