దౌత్య కార్యాలయంలో ఉమేదువారీ

“యూరప్ గురించి ఎం.ఏ. చదివి ఏం చేస్తావమ్మా?” అని నన్ను అడగని బంధువు లేడు. ఇంజనీరింగు చదివేవాళ్ళను ఎవరూ ఇలా అడగరు. అడిగినవాళ్ళది తప్పు కాదు. ఆ చదువుకూ జీతం వచ్చే ఉద్యోగానికీ మధ్య దారి ఎక్కడుందో వాళ్ళకు తెలియదు. చదివేవాళ్ళకు కూడా మొదట్లో తెలియదు. అందుకనే ఆ దారిలో నేను చూసిన సంగతులు నాలుగు వ్రాస్తున్నాను.

నేను చదివినది ‘యూరోకల్చర్’ అనే రెండేళ్ళ చదువు. ఎనిమిది యూరప్ విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతాయి. 2022లో జర్మనీలోని గోటింగెన్‌లో మొదలుపెట్టి, తరువాతి ఆరునెలలు నెదర్లాండ్సులోని గ్రోనింగెన్‌లో చదివాను. 1950 మే 9న ఫ్రెంచి విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమాన్ బొగ్గునూ ఉక్కునూ ఉమ్మడి చేద్దామని ప్రతిపాదించడం, 1951లో ఆరు దేశాలు ఒడంబడిక మీద సంతకాలు చెయ్యడం, అదే పెరిగి 27 దేశాల సమాఖ్య కావడం – ఇదీ మా పాఠం. తరతరాలుగా కొట్టుకున్న దాయాదులు, ఆయుధాలకు కావలసిన సరుకంతా ఒకే కొట్టులో పెట్టి తాళంచెవి ఉమ్మడిగా ఉంచుకున్నారన్నమాట!

ఈ చదువులో మూడవ ఆరునెలలకు రెండు దారులున్నాయి. ఒకటి పరిశోధన, రెండవది ఏదైనా కార్యాలయంలో పని నేర్చుకోవడం. ఈ రెండవదాన్నే ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నారు. మా తాతగారి కాలంలో దీనికి చక్కని మాట ఉండేది – ఉమేదువారీ. తాలూకా కచేరీలో జీతం లేకుండా కొన్నాళ్ళు పని చేసి, ఖాళీ వస్తే గుమాస్తా అవుదామని కాచుకునేవాళ్ళు. ప్రపంచం ఎంత మారినా ఉమేదువారు మాత్రం మారలేదు!

చోటు దొరకడం తేలిక కాదు. యూరోపియన్ కమిషన్ 1960 నుంచీ ఇటువంటి శిక్షణ ఇస్తున్నది. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ మొదలయ్యే అయిదు నెలల శిక్షణ, భృతి కూడా ఉంటుంది. కాని సమాఖ్య బయటి దేశాల వారికి కొద్ది స్థానాలే. నేను పధ్నాలుగు చోట్లకు ఉత్తరాలు వ్రాస్తే మూడింటి నుంచి జవాబు వచ్చింది. దౌత్యమంటే నాకెంత మక్కువో వ్రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. ఏయే భాషలు చదవగలనో, ఏ విషయం మీద ఎంత పని చేశానో ఒక్క పేజీలో వ్రాసిన వాటికే వచ్చింది. చివరకు బ్రస్సెల్సులో ఒక దౌత్య కార్యాలయం రమ్మన్నది.

దౌత్యమంటే విందులూ, పట్టుచీరలూ, మెల్లని మాటలూ అనుకుని వెళ్ళాను. నాకు దొరికింది కాగితం. ఆ 2023 అక్టోబరు 1నే సమాఖ్యలో ఒక కొత్త ఏర్పాటు అమలుకు రావడం ప్రారంభమైంది. బయటి దేశాల నుంచి వచ్చే ఉక్కు, సిమెంటు, అల్యూమినియం వంటి సరుకుల తయారీలో ఎంత బొగ్గుపులుసు గాలి వెలువడిందో దిగుమతిదారులు లెక్క చెప్పాలి. ముందు లెక్క, 2026 నుంచి రుసుము. ఉక్కు అమ్మే మనవంటి దేశాలకు ఇది చిన్న సంగతి కాదు. పార్లమెంటు సంఘాలలో దీని మీద జరిగే చర్చలకు వెళ్ళి, విని, సాయంత్రంలోగా ఒక్క పేజీ వ్రాసి ఇవ్వడం నా పని. విశ్వవిద్యాలయంలో ముప్ఫయి పేజీలు వ్రాస్తే మెచ్చుకున్నారు. ఇక్కడ రెండవ పేజీ ఎవరూ తిప్పరు! పై అధికారిణి నా మొదటి కాగితం చూసి, “ఇంతకూ మనమేం చెయ్యాలంటావు?” అని ఒక్క ప్రశ్న వేశారు. అప్పటినుంచీ ఆ ప్రశ్నకు జవాబు మొదటి వాక్యంలోనే వ్రాయడం అలవాటు చేసుకున్నాను.

మర్యాదల పాఠం వేరే ఉంది. ఒక కార్యాలయం మరొక కార్యాలయానికి వ్రాసే లేఖ ప్రథమ పురుషలో ఉంటుంది. ఫలానా రాయబార కార్యాలయం తమకు అభివందనములు సమర్పించుకొని, ఈ సంగతి మనవి చేసుకొనే గౌరవం పొందుతున్నది – ఇదీ ధోరణి. ‘మహారాజశ్రీ’తో ఆరంభించి ‘ఉభయకుశలోపరి’ వ్రాసుకున్న మనకు ఇదేమంత వింత?

ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న పట్టింపు పెళ్ళివారి బంతిలో కంటె ఇక్కడే ఎక్కువ. 1661లో లండనులో ఎవరి బండి ముందు నడవాలన్న దానిపై ఫ్రెంచి, స్పెయిను రాయబారుల పరివారాలు వీధిలో కొట్టుకుంటే ప్రాణాలు కూడా పోయాయి. 1815 వియన్నా మహాసభలో దీనికి ఉపాయం కనిపెట్టారు. దేశం పెద్దదా చిన్నదా అని చూడరు. సాటి రాయబారులలో ఎవరు ముందు వచ్చి పదవి చేపట్టారో వారే పెద్ద. 1961 వియన్నా ఒప్పందంలోనూ అదే సూత్రం నిలిచింది. అన్నట్టు, దౌత్యవేత్తలకు ఆ ఒప్పందం ఇచ్చే రక్షణలేవీ మా ఉమేదువారికి లేవు. ట్రాములో టిక్కెట్టు లేకపోతే జరిమానా కట్టవలసిందే!

ఇక డబ్బు మాట. నాకు ఆ కార్యాలయం ఒక్క యూరో ఇవ్వలేదు. ఎరాస్మస్ ముండుస్ విద్యార్థి వేతనం నెలకు 1,400 యూరోలు వస్తుండబట్టి నిలబడ్డాను. నాతో చదివిన గుంటూరు అమ్మాయి నాకంటె ఫ్రెంచి బాగా మాట్లాడుతుంది. ఆమెకూ ఇటువంటి చోటే వచ్చింది. కాని ఆమె బ్యాంకు అప్పు మీద చదువుకుంటున్నది. వద్దని వ్రాసి, జీతమిచ్చే లెక్కల కంపెనీలో చేరింది. దౌత్యానికి పనికివచ్చే మనిషి ఎవరు అన్నది అక్కడ తెలివితో తేలలేదు, అద్దెతో తేలింది. 2015లో జెనీవాలో ఐక్యరాజ్య సమితి వద్ద జీతం లేని శిక్షణకు వచ్చిన న్యూజిలాండు యువకుడు గుడారంలో ఉంటున్నాడని పత్రికలన్నీ వ్రాశాయి. 2017లో యూరప్ ఫిర్యాదుల విచారణాధికారిణి ఎమిలీ ఓరైలీ, సమాఖ్య దౌత్య కార్యాలయాలలో పని నేర్చుకునేవారికి తగిన భృతి ఇవ్వాలని సిఫారసు చేశారు. మా స్నేహితురాలి కథ ఒంటరి కథ కాదు.

ఇంకొక భ్రమ కూడా తొలగాలి. ఉమేదువారీ చేసినంత మాత్రాన రాయబారి కారు. మన దేశం తరపున దౌత్యవేత్త కావాలంటే రాజమార్గం సివిల్ సర్వీసు పరీక్ష. సామాన్య వర్గానికి 32 ఏళ్ళ లోపు, ఆరు ప్రయత్నాలు. 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి. బి. ముత్తమ్మగారు ఆ పరీక్ష వ్రాసే వచ్చారు. పెళ్ళి చేసుకోవాలంటే స్త్రీలు ప్రభుత్వం అనుమతి తీసుకోవాలన్న నిబంధన మీద ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ కేసులో అటువంటి నిబంధనలను గట్టిగా తప్పుపట్టారు.

చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ 18 నెలలు గడువు ఇస్తుంది. నేను ఆ గడువు వాడుకోలేదు. ఇంటికి వచ్చి పరీక్షకు కూర్చున్నాను. ఆ ఆరునెలలూ నాకు ఉద్యోగం ఇవ్వలేదు గాని, ఈ పని నాకు ఇష్టమేనని రూఢిగా చెప్పాయి. అంతకుముందు నేను ఇష్టపడింది పుస్తకాలలోని దౌత్యాన్ని.

మీ ఇంట్లో ఆడపిల్లో మగపిల్లవాడో ఈ దారి పడతానంటే వద్దనకండి. భృతి ఎంత, అద్దె ఎంత, ఆ తరువాతి మెట్టు ఏది అన్న మూడు ప్రశ్నలూ కూర్చోబెట్టి అడగండి. మూడింటికీ జవాబు చెప్పగలిగితే ప్రయాణానికి ఊరగాయ జాడీ సిద్ధం చెయ్యండి.