దేశము – వేషము

జూన్ నెల వచ్చినదంటే హైదరాబాదులోని కోఠి, సుల్తాన్ బజార్, ఆబిడ్స్ వీధులలోని బట్టల దుకాణాలు పిల్లలతోను, తల్లిదండ్రులతోను కిటకిటలాడుతాయి. చొక్కా, లాగు, టై, బెల్టు, మేజోళ్ళు, బూట్లు – పాఠశాల ఇచ్చిన జాబితా చాంతాడంత ఉంటుంది. కొన్ని పాఠశాలల జాబితాలో వీటికి తోడు 'బ్లేజరు' అనే కోటు కూడ చేరుతుంది. దళసరి గుడ్డ, లోపల అస్తరు, భుజాలలో మెత్తలు, రొమ్ము జేబుపై పాఠశాల చిహ్నం దాని లక్షణాలు. ఏప్రిల్, మే నెలలలో నలభై డిగ్రీలు దాటే ఎండలుండే ఊరిలోనికి ఈ కోటు ఎట్లు వచ్చినదన్నది ఆసక్తికరమైన ప్రశ్న.

ఏకరూప దుస్తులు మొదట గొప్పవారి బిడ్డల కొరకు పుట్టినవి కావు. 1552లో లండను నగరంలో పేద పిల్లల కొరకు స్థాపించబడిన క్రైస్ట్స్ హాస్పిటల్ అనే పాఠశాలలో విద్యార్థులకు పొడవైన నీలిరంగు కోటు ఇచ్చేవారు. ఆ పాఠశాల విద్యార్థులు నేటికీ దానినే ధరిస్తున్నారు. బ్లేజరు పుట్టుక వేరు. కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలకు చెందిన లేడీ మార్గరెట్ బోట్ క్లబ్ 1825లో ఏర్పడినది. ఆ పడవ పందెగాండ్రు ధరించిన ఎర్రని కోటు మంట వలె మెరిసేది కనుక దానికి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. 'బ్లేజర్' అనే యుద్ధనౌక పేరు మీదుగా వచ్చినదన్న కథ మరొకటి ఉన్నది. పడవల నుండి క్రికెట్ మైదానానికి, అక్కడి నుండి పాఠశాలకు పాకిన ఈ కోటు ఆంగ్లేయుల వెంట ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, భారతదేశములకు చేరినది. చల్లని నదీతీరంలో వెచ్చదనానికి పుట్టిన వస్త్రమది.

అయితే కోఠి చరిత్రలో వేషం ఎల్లప్పుడు ఒకే దిశలో ప్రయాణించలేదు. కోఠి అనగా భవంతి. ఆ ప్రాంతానికి ఆ పేరు తెచ్చిన భవంతి బ్రిటిష్ రెసిడెన్సీ. దానిని నిర్మింపజేసిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి. ఆయన హైదరాబాదు ఉమరావుల వలె నిలువుటంగీలు తొడిగి, హుక్కా పీల్చి, ఖైరున్నీసా అనే ఉన్నత వంశపు కన్యను వివాహమాడెను. దొర స్థానిక వేషం వేయుట కలకత్తాలోని గవర్నర్ జనరల్ వెల్లస్లీకి రుచించలేదు. ఆ వివాహంపై విచారణ కూడ జరిపించెను. 1805లో ఆ దంపతుల బిడ్డలిద్దరిని ఇంగ్లండుకు పంపించిరి. ఓడ ఎక్కుటకు ముందు మద్రాసులో జార్జ్ చినరీ అనే చిత్రకారుడు వారి రూపాలను చిత్రించెను. ఆ చిత్రంలో ఆ పసివాండ్రు హైదరాబాదు దర్బారు దుస్తులలోనే ఉన్నారు. ఇంగ్లండు చేరిన పిమ్మట సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం అనే పేర్లు పోయి విలియం జార్జ్, కేథరిన్ అరోరా అనే పేర్లు వచ్చినవి. వారు మరల తల్లిని చూడలేదు. వేషం మార్చుట అంటే ఒక్కొక్కప్పుడు ఎంత మార్చుటయో ఈ ఒక్క ఉదంతం చాలును.

రెసిడెన్సీ భవంతి 1949 నుండి మహిళా కళాశాలకు నెలవైనది. రెసిడెన్సీ బజారులు 1933లో నిజాంకు తిరిగి దక్కి సుల్తాన్ బజార్ అయినవి. పక్కనున్న ఆబిడ్స్ పేరు వెనుక కూడ బట్టల కథే ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వస్త్రాలను, అలంకరణను చూచిన సేవకుడు ఆల్బర్ట్ ఆబిడ్. అతడు ఇక్కడ దుకాణం తెరువగా, అతని పేరే వీధి పేరైనది. ఒకసారి తొడిగిన దుస్తులను నిజాం మరల తొడిగేవాడు కాడని చెప్పుకొందురు. పురానీ హవేలీలోని ఆయన దుస్తుల బీరువాల వరుసను చూచినవారికి ఆ మాట నమ్మదగినదిగానే తోచును.

ఆంగ్లేయుల కోటును హైదరాబాదు ఉన్నదున్నట్లు స్వీకరించలేదు. వారి పొడవు కోటు కత్తిరింపు, దేశీయ అచ్కన్ కలిసి షేర్వానీ రూపొందినది. హిందువులు, ముస్లిములు అన్న భేదం లేక ఉద్యోగులు, విద్యావంతులు దానిని తొడిగేవారు. ఈ కలయికను అనుకరణ అనుట తగదు. అది దర్జీ ప్రతిభ.

ఆంగ్ల పద్ధతి పాఠశాలలు మాత్రం ఈ ప్రాంతంలోనే బలంగా వేరూనినవి. ఆబిడ్స్‌లో సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు 1834లోను, గన్‌ఫౌండ్రీలో ఆల్ సెయింట్స్ 1855లోను, రోజరీ కాన్వెంటు 1904లోను వెలిసినవి. కాలక్రమంలో 'కాన్వెంటు' అనే మాటకు టై, బూటు పర్యాయపదాలైనవి. నేడు చిన్న పట్టణాలలోని పాఠశాలలు సైతం ఆ గౌరవం కొరకే వాటిని నిర్బంధం చేస్తున్నవి.

నాంపల్లి న్యాయస్థానాలలో నల్లకోట్లు అడుగడుగున కనిపించును. న్యాయవాదులకు ఒక వెసులుబాటు ఉన్నది. సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప తక్కిన న్యాయస్థానాలలో వేసవియందు నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమాలు చెప్పుచున్నవి. పెద్దలకు ఉక్కపోత ఉన్నదని గుర్తించిన చోట, మెడకు టై బిగించుకొన్న పదేళ్ళ బాలునికి ఉన్నదో లేదో ఎవరును అడుగరు!

ఏకరూప దుస్తుల వలన కలిగే మేలును కాదనలేము. తరగతిలో ఎవరి తండ్రి ధనికుడో, ఎవరి తండ్రి కూలీయో బట్టలు చెప్పవు. ప్రభుత్వ పాఠశాలలలో వీటిని ఉచితంగా ఇచ్చుటలోని ఉద్దేశం అదియే. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన విద్యా కానుకలో బట్టలతోపాటు బూట్లు, మేజోళ్ళు, బెల్టు కూడ ఇచ్చిరి. తెలంగాణలో 2024లో వీటి కుట్టుపనిని మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించిరి. కాని బ్లేజరు సంగతి వేరు. ఒకే పాఠశాలలో దానిని కొనగలవారు, కొనలేనివారు ఉందురు. సమానత్వం కొరకు వచ్చిన దుస్తులలో అది ఒక్కటి అంతరాన్ని తెచ్చును. పైగా హైదరాబాదు చలి డిసెంబరు, జనవరి ఉదయాలకు మించదు. అప్పటికి స్వెటరు సరిపోవును.

ఈ లెక్క దర్జీలకు ఏనాడో తెలుసు. ఎదిగే పిల్లవాని కోటుకు చేతుల అంచున రెండంగుళాల గుడ్డను లోపలికి మడిచి కుట్టుదురు. మరుసటి ఏడు ఆ మడతను విప్పుదురు. అప్పటికీ పొట్టియైతే, అది తమ్మునికి పోవును.