వంశావళి లేని యాజకుడు



పెళ్ళి మాట వస్తే మనవాళ్ళు మొదట అడిగేది ఇంటిపేరు, గోత్రం. కారమడై రంగనాథస్వామి తేరు చూడటానికి వచ్చిన చుట్టాలు పలకరించుకున్నా, మీరు ఎవరి తాలూకు అన్న ప్రశ్న రాక మానదు. బైబిలు కూడా వంశావళులకు పెద్దపీట వేస్తుంది. ఫలానావాడు ఫలానావాని కొడుకని అధ్యాయాలకు అధ్యాయాలు చెబుతుంది. అలాంటి గ్రంథంలో తల్లిదండ్రుల ఊసే లేకుండా ఒక మనిషి వచ్చి వెళ్ళిపోతాడు. అతని పేరు మెల్కీసెదెకు. సొంతంగా బైబిలు చదువుకునేవారిలో చాలామంది, ఎవరితడు అని ఇక్కడ ఆగిపోతారు.

ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు ఆ పేరు కనబడే చోట్లన్నీ వరసగా చదవాలి. ఇతని పేరు మూడు చోట్లే ఉంది. మొదటిది ఆదికాండం 14వ అధ్యాయం. శత్రురాజులు పట్టుకుపోయిన లోతును విడిపించి అబ్రాము తిరిగి వస్తుంటాడు. షాలేము రాజు, దేవుని యాజకుడు అయిన మెల్కీసెదెకు రొట్టె, ద్రాక్షారసం తెచ్చి అతణ్ణి దీవిస్తాడు. అబ్రాము అతనికి పదోవంతు ఇస్తాడు. మూడు వచనాల్లో కథ ముగుస్తుంది. రెండోది 110వ కీర్తన. అక్కడ ఒక రాజును మెల్కీసెదెకు వరసలో నిత్య యాజకుడిగా చెప్పారు. మూడోది హెబ్రీయులకు రాసిన పత్రిక, 5 నుంచి 7 అధ్యాయాలు.

షాలేము అంటే ఈరోడు దాటాక వచ్చే మన సేలం అనుకోకండి. 76వ కీర్తనలో షాలేము, సీయోను జంటగా వస్తాయి కనుక అది యెరూషలేమేనని చాలామంది పండితుల అభిప్రాయం.

అసలు చిక్కు హెబ్రీ పత్రికలో ఉంది. ఇతనికి తల్లీ తండ్రీ వంశావళీ లేవంటుంది. అయితే దేవదూతా? నోవహు కొడుకు షేమే ఇతడని కొందరు యూదు గురువులు అన్నారు. 1956లో మృతసముద్రం దగ్గర కుమ్రాన్ 11వ గుహలో దొరికిన ఒక చుట్ట ఇతణ్ణి పరలోక న్యాయాధిపతిగా చూపుతుంది. క్రీస్తే ముందుగా ఇలా కనిపించాడనేవారూ ఉన్నారు. కానీ పత్రిక ఇతణ్ణి దేవుని కుమారుణ్ణి పోలినవాడనే అంటుంది. పోలిక చెప్పాలంటే ఇద్దరుండాలి కదా!

ఇప్పుడు ఎజ్రా గ్రంథం 2వ అధ్యాయం తీయండి. బబులోను చెర నుంచి తిరిగి వచ్చాక, వంశావళి పట్టీలో పేరు దొరకని యాజకులను ఆ పని నుంచి తప్పించారు. యాజకుడు లేవీ గోత్రంలో, అహరోను వంశంలో పుట్టాలి. యేసు పుట్టింది యూదా గోత్రంలో. మరి ఆయన యాజకుడు ఎలా అవుతాడు? పత్రిక రాసినవారికి ఎదురైన ప్రశ్న ఇదే. దానికి జవాబుగా మెల్కీసెదెకును చూపారు. లేవీ పుట్టకముందే, వంశం పేరు చెప్పని ఒక యాజకుడి దీవెనను మూలపురుషుడైన అబ్రాహామే అందుకున్నాడు కదా అన్నది వారి వాదం. అలా చూస్తే ఆదికాండం అతని తల్లిదండ్రుల పేర్లు చెప్పకపోవడమే ఇక్కడ సాక్ష్యం అయింది.

మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో మాట తెలుగు, చదువు తమిళం. పెద్దల తెలుగు బైబిలు, పిల్లల తమిళ బైబిలు ఎదురెదురుగా పెట్టుకుని, ఒకరు చదువుతుంటే ఒకరు వినండి. ఒక కాగితాన్ని రెండు భాగాలు చేసి, గ్రంథం చెప్పినది ఒక పక్క, మనం ఊహించినది రెండో పక్క రాయండి. రెండో పక్క ఎక్కువ నిండితే, మళ్ళీ మొదటి చోటికి వెళ్ళి చదవండి.