గడ్డి తిని విమాన ఇంధనమిచ్చే బాక్టీరియా: అపోహలు – వాస్తవాలు

వరికోత యంత్రం తిరిగాక గోదావరి డెల్టాలో చాలామంది గడ్డిని చేలోనే తగలబెడుతున్నారు. దాన్నుంచి బాక్టీరియాతో విమాన ఇంధనం తీయొచ్చంటే కొందరు ఇట్టే నమ్మేస్తారు, కొందరు భయపడతారు.

అపోహ: బాక్టీరియా నేరుగా ఇంధనమే ఇస్తుంది.
వాస్తవం: ఇచ్చేది ముడిసరుకు. జన్యువులు మార్చిన ఇ.కోలై అనే బాక్టీరియా చక్కెర తిని ఐసోప్రెనాల్ అనే ఆల్కహాల్ చేస్తుంది. ఒక్కో అణువులో అయిదు కార్బన్లు. రెండేసి అణువులను కలిపి, హైడ్రోజన్ చేర్చితే పది కార్బన్ల ఇంధనం తయారవుతుంది. ఇప్పటికే ఆమోదం పొందిన జీవ ఇంధనాలనైనా మామూలు ఇంధనంలో సగం వరకే కలపనిస్తున్నారు.

అపోహ: ఇథనాల్ ఉందిగా, అదే పోస్తే సరి!
వాస్తవం: గోకవరం మండలం గుమ్మళ్ళదొడ్డిలో 2022 నవంబరులో ఇథనాల్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఇథనాల్ పెట్రోలులో కలపడానికి బాగుంటుంది. విమాన ఇంధనంతో పోలిస్తే కిలోకి వచ్చే శక్తి మూడింట రెండు వంతులు కూడా ఉండదు. విమానంలో వాడాలంటే అందులోంచి నీటిని విడగొట్టి, అణువులను జోడించి, హైడ్రోజన్ ఎక్కించాలి.

అపోహ: గడ్డి వేస్తే బాక్టీరియా తినేస్తుంది.
వాస్తవం: గడ్డిలోని చక్కెరలు సెల్యులోజ్, హెమీసెల్యులోజ్ గొలుసుల్లో బిగిసి ఉంటాయి. వాటి చుట్టూ లిగ్నిన్ ఉంటుంది. రాజమండ్రి పేపరు మిల్లు కలపను రసాయనాల్లో ఉడికించేది దాన్ని వదిలించడానికే. ఆపైన ఎంజైములతో గొలుసులు తెంచితే గ్లూకోజ్, జైలోజ్ వస్తాయి. గ్లూకోజ్ ఉన్నంతసేపు ఇ.కోలై జైలోజ్ జోలికి పోదు. రెండూ ఒకేసారి తినేలా దాన్ని మార్చాలి.

అపోహ: టన్ను చక్కెరకు టన్ను ఇంధనం.
వాస్తవం: గ్లూకోజ్ బరువులో 53 శాతం ఆక్సిజనే. ఇంధనంలో అది ఉండకూడదు. దాన్ని వదిలించేటప్పుడు కొంత కార్బన్ కూడా బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. మూడో వంతు దక్కితే గొప్పే.

అపోహ: ఆ బాక్టీరియా పొలాల మీద పడుతుంది.
వాస్తవం: దాన్ని పెంచేది మూసిన స్టీలు ట్యాంకుల్లో. పని అయ్యాక చంపేస్తారు. షుగరు రోగులు వాడే ఇన్సులిన్‌ను ఇ.కోలైతో చేసి అమ్మడానికి 1982లోనే అనుమతి వచ్చింది.

అపోహ: గడ్డి ఊరికే దొరుకుతుంది.
వాస్తవం: ముందు పశువుల మేతకు పోవాలి. మిగిలిందాన్ని కట్టలు కట్టి, లారీలకెత్తి, తడవకుండా దాచాలి. సార్వా కోతకూ దాళ్వా ఊడ్పుకూ మధ్య ఉండే వ్యవధి తక్కువ. ఆలోగా గడ్డిని తరలించే ఏర్పాటు, రైతుకు గిట్టే ధర లేకపోతే అగ్గిపుల్లే చవక.